తడి మీద మూత

సముద్రంలో ఉన్నన్నాళ్లూ నీళ్లకి భయమంటే ఏమిటో తెలీదనీ, తన చేతికి చిక్కాకే తెలిసిందనీ డప్పు చెప్పుకునేవాడు. సర్ఫ్‌బోర్డు లోపల ఏ మూల దూరి దాక్కున్నా సరే, తన చెప్పుల చప్పుడు వినపడగానే చేతులెత్తేసి బొటబొటా బయటికొచ్చేస్తాయట. ఈ మాట చెబుతున్నప్పుడు సాధారణంగా అతని చొక్కా మోచేతుల దాకా తడిసి ఉండేది, పక్కన బకెట్టు బోర్లాపడి ఉండేది. అతను మొట్టమొదట ఎండబెట్టిన బోర్డు నడిఎండలో బెలూన్‌లా ఉబ్బి, పై పొర ఫట్టున లేచిపోతే, దుకాణం గుమ్మంలో రోజూ పడుకునే కుక్క అదిరిపడి శాశ్వతంగా పక్క వీధికి కాపురం మార్చేసింది. ఆ సంగతి తెలియనివాళ్లు అక్కడ లేరు.

డప్పు అన్నది బావ పెట్టిన పేరే. "వీడికి వాయించేవాడితో పని లేదు, వాడంతట వాడే మోగుతాడు" అనేవాడు. అసలు పేరు ఏదో ఉండేది గానీ, దాంతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి ఇంకెవరినో అనుకునేవాడు.

అక్కా బావల ఇంటి ముందు గదే దుకాణం. సముద్రానికి ఒక్క వీధి ఇవతల. గోడల వెంట బోర్డులు, బల్ల కింద రెసిన్ డబ్బాలు, ఎక్కడ చెయ్యి పెట్టినా అంటుకునే తెల్లటి పొడి. అలలెక్కడానికి వాడే సర్ఫ్‌బోర్డంటే లోపల తేలికపాటి ఫోమ్, దాని మీద ఫైబర్ గుడ్డ, ఆ గుడ్డకి పట్టించిన, ఆరితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు. పైది గుడ్డు పెంకులాంటిది. ఏ రాయికో తగిలి వెంట్రుకవాసి చీలినా చాలు, లోపలి ఫోమ్ ఏళ్ల తరబడి దాహంతో ఉన్నట్టు నీళ్లు పీల్చేస్తుంది. అలా తాగిన బోర్డు బరువెక్కుతుంది, పసుపుపచ్చగా మారుతుంది, అల మీద చెప్పిన మాట వినదు. ఆ నీళ్లు తియ్యడం డప్పు వంతు. ఎండాక గుడ్డ పరిచి రెసిన్ పూసి మూయడం అక్క వంతు. ఎప్పుడు మూయాలో చెప్పడం బావ వంతు.

అది చెప్పడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు, పోటు వచ్చేదాకా ఆగితే చాలు. సముద్రం పొంగే వేళకి నీళ్లు తాగిన బోర్డులు నేల మీంచి గాల్లోకి లేస్తాయి. ఎక్కువ తాగింది మూరెడు, కొంచెం తాగింది జానెడు. అందుకే వాటిని పాత సైకిల్ ట్యూబులతో గోడకి కట్టి ఉంచేవాళ్లు. పొద్దున్నే లేచి గోడ మీది పోటు వేళల కాగితం చూసుకోవడం, ట్యూబులు బిగించడం, ఆ తర్వాతే పళ్లు తోముకోవడం. పోటు వేళ కట్టు విప్పితే కదలకుండా పడి ఉన్న బోర్డు ఎండినట్టు లెక్క. దాన్నే మూయొచ్చు.

"మాది ఇంకా లేస్తోందా?" అని లెక్కల టీచర్ బడికి వెళుతూ గుమ్మంలోంచి అడిగేది.

"బెత్తెడు లేస్తోందండీ."

"పోయిన వారమూ బెత్తెడే అన్నారు."

"పోయిన వారం పెద్ద బెత్తెడండీ, ఇది చిన్న బెత్తెడు."

"మీలాంటివాడు నా క్లాసులో ఉండుంటే నేను ఉద్యోగం మానేసేదాన్ని" అని టీచర్ నిట్టూర్చి వెళ్లిపోయేది.

ఒకసారి ట్యూబు తెగి ఓ బోర్డు గుమ్మం దాటి, మోకాలెత్తున వీధిలో తేలుకుంటూ సముద్రం వైపు సాగిపోయింది. గుమ్మం పైన మేకు కొడుతున్న ఎదురింటి దర్జీ నిచ్చెన దిగి, దాన్ని పక్కకి లాగి బోర్డుకి దారిచ్చి, మళ్లీ ఎక్కి కొట్టుకున్నాడు. కట్టు లేకపోతే అవి అలాగే పోతాయి. పోయింది ఇక రాదు. దాని సొంతదారు వచ్చి గొడవ పెడితే బావ, "మీరు నీళ్లు తెచ్చారు, నీళ్లు మీ బోర్డుని తీసుకెళ్లాయి. మధ్యలో నేనెవర్ని?" అని, మళ్లీ అతనికో పాత బోర్డు బాగుచేసి ఇచ్చి పంపాడు.

బావకి కోపం వచ్చేది ఒకే ఒక్క విషయంలో, తడి మీద మూత వేస్తే. చీలిక తెరిచి ఉన్న బోర్డు కాస్త లేచి, ఆ సందులోంచి ఊపిరి వదులుకుని దిగుతుంది. లోపల తడి ఉండగానే మూసేస్తే దానికి దిగే దారుండదు. ఫోమ్ కుళ్లుతుంది, పొర ఉబ్బుతుంది, పెద్ద పోటు వస్తే ఎంత ఎత్తు లేస్తుందో చెప్పలేం. "దొంగతనం చేసినా క్షమిస్తాను గానీ తడి మీద మూత వేస్తే ఇంట్లోంచి గెంటేస్తాను" అనేవాడు. అలా గెంటించుకున్నవాడు ఒక్క డప్పే. మధ్యాహ్నం భోజనం వేళకి అక్క మళ్లీ లోపలికి పిలిచిందనుకోండి.

అలాంటి బావ చలికాలం మొదట్లో కడుపు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. నాలుగో అంతస్తులో మంచం. కిటికీలోంచి ఎదురుగోడ తప్ప ఏమీ కనపడదు. అంత పొడిగా ఉండే గదిలో అతన్ని చూడటం డప్పుకి అదే మొదలు. "బావా, ఇక్కడ నువ్వు కట్టు విప్పినా లేవవు" అన్నాడు. బావ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. మూడు వారాలకి పోయాడు.

అతని సొంత బోర్డు దుకాణంలో చివరి కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. తోక దగ్గర చీలిక. ఊరందరి బోర్డులూ బాగుచేసిన మనిషి తనది రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూనే ఉండేవాడు. అందులో ఉన్నవి అతను ఆఖరిసారి సముద్రంలోకి వెళ్లిననాటి నీళ్లు.

అక్క దాన్ని విప్పి పడగ్గదిలోకి తీసుకెళ్లింది. చీలిక మీద వెడల్పాటి టేపు అంటించింది, ఒక్క చుక్క కూడా పోకుండా. మంచం మీద బావ పడుకునే వైపు పడుకోబెట్టింది. పోటు వేళ అది దుప్పటి మీంచి లేచి, మనిషి నిద్రలో ఒత్తిగిలినట్టు కాస్త ఊగి, మళ్లీ దిగేది. అక్క దాని మీద చెయ్యి వేసుకుని పడుకునేది. ముందు పోటు వేళల్లోనే పడుకునేది. తర్వాత ఆటు వేళల్లో కూడా లేవడం మానేసింది. కత్తిరించిన గుడ్డ బల్ల మీద అలాగే దుమ్ము పట్టింది. వంట మాత్రం చేసేది, చేతులకి తెలిసిన పని కాబట్టి.

"అక్కా, ఫోమ్ కుళ్లిపోతుంది" అన్నాడు డప్పు ఒకరోజు గుమ్మంలో నిలబడి. "తియ్యకపోతే బోర్డు దక్కదు."

"తీస్తే ఏం దక్కుతుంది?"

"బోర్డు దక్కుతుంది."

"బోర్డు నాకెందుకురా? నేనేమైనా అలలెక్కేదాన్నా?"

డప్పు గుమ్మం చెక్కకి అంటిన తెల్లపొడి గోటితో గీకాడు.

"మొన్నటిదాకా మూరెడు లేచేది" అంది అక్క, గోడ వైపు తిరిగి. "నిన్న జానెడే లేచింది. టేపు వేసినా పోతున్నాయి. ఎట్నుంచి పోతున్నాయో తెలీడం లేదు. నీకు తెలుస్తుందేమో, చూసి ఆపరా."

నీళ్లు తియ్యడం తప్ప ఆపడం అతనికి ఎవరూ నేర్పలేదు. బోర్డు చుట్టూ ఒకసారి తిరిగి, చెవి ఆనించి విని, పెద్ద డాక్టరులా తల ఊపి, ఇవతలికి వచ్చి రెసిన్ డబ్బాల మధ్య కూర్చుండిపోయాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున అక్క తనంతట తానే దుకాణంలోకి వచ్చింది. తల దువ్వుకుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది. పోటు వేళల కాగితం మీద వేలు పెట్టి చూసింది.

"ఇవాళ మధ్యాహ్నం పెద్ద పోటు కదూ?"

"ఈ ఏడాదికి పెద్దది" అన్నాడు డప్పు, సంతోషం పట్టలేక. "ట్యూబులు రెండేసి కడుతున్నా. నువ్వొచ్చి సాయం పట్టొచ్చు కదా?"

"నీ పని నువ్వు చేసుకో" అని అతని జుట్టు చెరిపి లోపలికి వెళ్లింది. అక్క తేరుకుంటోందనీ, ఇదంతా తను వేళకి వేసిన జోకుల ప్రభావమేననీ డప్పు తనకి తానే చెప్పుకున్నాడు. ఆమె చేతుల మీద కొత్త రెసిన్ వాసన ఉందని పక్కనున్న ఎవరికైనా తెలిసేది. అతను గమనించలేదు.

మధ్యాహ్నం టీచర్ తన బోర్డు సంగతి తేల్చుకోవడానికి వచ్చి కూర్చుంది. గోడ వెంట బోర్డులన్నీ ట్యూబులు సాగదీస్తూ మూలుగుతున్నాయి. "చూశారా, మీది చిన్న బెత్తెడే" అని డప్పు చూపిస్తుండగా పడగ్గదిలో దూలానికేదో ధడాలున తగిలింది.

తలుపు నెట్టి చూస్తే మంచం ఖాళీ. బోర్డు పైన ఉంది, కప్పుకి ఇంచుమించు ఆనుకుని. దాని మీద అక్క బోర్లా పడుకుని, రెండు చేతులతో అంచులు పట్టుకుని ఉంది. పెద్ద కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. బోర్డు ముక్కు అప్పటికే బయట ఉంది.

డప్పు ఎగిరి తోక పట్టుకున్నాడు. పట్టుకున్న చోట చేతికి టేపు తగల్లేదు. నున్నగా, అంచు తెలియకుండా వేసిన మూత తగిలింది. అంత నున్నగా వేయగలిగిన చెయ్యి ఆ తీరంలో ఒక్కటే.

"అక్కా! తడి మీద వేశావా?"

"వదులు."

"బావ ఉంటే నిన్ను గెంటేసేవాడు!"

"రమ్మను, గెంటమను" అంది అక్క. గొంతు ప్రశాంతంగా ఉంది. "వదలరా తమ్ముడూ. నేను వెళతాను."

అతని మడమలు నేలని వదిలేశాయి, తర్వాత మునివేళ్లు. టీచర్ చేతిసంచి కింద పెట్టి, బోర్డుని కాలికి కట్టుకునే తాడు గాల్లో వేలాడుతుంటే అందుకుని మంచం కోడుకి మూడు ముళ్లు వేసింది. మంచం ముందుకాళ్లు రెండూ లేచాయి. టీచర్ ఆ మంచమెక్కి కూర్చుంది. కాళ్లు మళ్లీ నేలకి ఆనాయి.

"నా బరువు గురించి బయట ఎక్కడా మాట్లాడకూడదు" అంది. "మీరు కానివ్వండి, నాకు క్లాసుంది."

డప్పు నడుముకున్న పనిసంచిలోంచి చేత్తో తిప్పే డ్రిల్లు తీశాడు. మంచం తల వైపు ఎక్కి నిలబడి, అక్క వేసిన మూత మధ్యలో ములికి ఆనించాడు.

"ఒరేయ్, వద్దురా! అవి ఆయన నీళ్లు!"

అతను తిప్పాడు. మూత చిట్లింది, ఫోమ్ కరకరలాడింది, సన్నటి ధార వచ్చి నేరుగా అతని మొహాన పడింది.

"కింద పోతున్నాయిరా" అని అక్క ఏడ్చింది. నాలుగు నెలల్లో ఆమె ఏడవడం అదే మొదటిసారి. "అన్నీ కింద పోతున్నాయి..."

నేల మీద పడనివ్వకుండా ఉండటానికి డప్పుకి తోచింది ఒక్కటే, నోరు తెరిచాడు.

బావకి ఒక అలవాటు ఉండేది. ఏ బోర్డు తెరిచినా మొదటి చుక్క నాలిక మీద వేసుకుని, ఇది ఏ ఒడ్డు నీళ్లో, ఎక్కినవాడు ఆ రోజు ఏ మనసుతో ఉన్నాడో చెప్పేవాడు. సగం నిజం, సగం వేళాకోళం. బావ పోయాక ఆ పని డప్పే చేసేవాడు, ఇంకాస్త హంగు చేర్చి.

పైన ఏడుపు ఆగింది. "ఏమంటున్నాయిరా?" అంది అక్క. "చెప్పు."

డప్పు గుటక వేశాడు. "ఉత్తరం వైపు రాళ్ల దగ్గరి నీళ్లక్కా. పొద్దుటి నీళ్లు. అల బాగుంది. నువ్వు ఒడ్డున నిలబడి చెయ్యి ఊపావు, బావ—"

"నేను ఆ రోజు రాలేదురా."

డప్పు గడ్డం మీంచి కారుతున్న నీళ్లని చేత్తో పట్టాడు.

"రమ్మన్నాడు. అలలు బాగున్నాయి, ఒకసారి చూసిపో అన్నాడు. రెసిన్ కలిపేశాను, గట్టిపడిపోతుంది, రేపొస్తానన్నాను. రేపటికి కడుపునొప్పన్నాడు." అక్క బుగ్గ బోర్డుకి ఆనించుకుంది. "కోపంగా వెళ్లాడా? అది చూడు. ఇంకేం వద్దు, అది చూసి చెప్పు."

బోర్డు కిటికీలోంచి వెనక్కి రాలేదు, ముందుకీ పోలేదు. డప్పు మళ్లీ నోటినిండా పట్టాడు. ఈసారి తొందరపడలేదు.

"కోపం ఉంటే నీళ్లలో చేదు తగులుతుందక్కా. ఇందులో లేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను, లేదు." బోర్డు జానెడు దిగింది. "ఒడ్డు వైపు చూశాడు. నువ్వు లేవు. పనిలో ఉంది కదా అనుకున్నాడు."

"ఇంకా?"

"ఇంకో అల ఎక్కాడు. పడ్డాడు. పడినందుకు తనలో తనే నవ్వుకున్నాడు, ఎవరూ చూడలేదు కదా అని." ముక్కు కిటికీ లోపలికి వచ్చింది. "బోర్డు బరువుగా ఉందేంటి, దీన్ని మా ఆవిడకి ఇచ్చి మూయించాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు అనుకున్నాడు. వీడికైతే అసలు ఇవ్వకూడదు అనుకున్నాడు. అది నా గురించి."

అక్క నవ్విందో ఏడ్చిందో కింద ఉన్నవాళ్లకి తెలియలేదు. బోర్డు మాత్రం డప్పు మాట మాటకీ జానెడు జానెడు దిగుతూ వచ్చి, టీచర్ పక్కకి జరిగితే, మంచం మీద ఆనింది. ధార సన్నబడి చుక్కలైంది. డప్పు చొక్కా, దుప్పటి, టీచర్ చెప్పులు అన్నీ తడిసిపోయాయి. అక్క బోర్డు మీద అలాగే పడుకుని ఆఖరి చుక్క దాకా విన్నది.

టీచర్ లేచి చేతిసంచి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, తన బోర్డు సంగతి అడగాలా వద్దా అని ఆలోచించి, అడగకుండానే వెళ్లిపోయింది.

ఆ తర్వాత బావ బోర్డు చాలా వారాలు పెరట్లో నీడన, చిల్లు కిందికి ఉండేలా నిలబడింది. కుళ్లిన ఫోమ్ కొంత గీకి తీశాక మిగతాది బాగానే ఉంది. ఒక పోటు వేళ అక్కే వెళ్లి కట్టు విప్పింది. సముద్రం పొంగింది. దుకాణంలో మిగతా బోర్డులన్నీ ట్యూబులు లాగుతున్నాయి. బావ బోర్డు ఉన్నచోటే ఉంది. పోటు వెళ్లిపోయేదాకా ఆమె దాని ముందు నిలబడింది. అది వెంట్రుకవాసి కూడా లేవలేదు. అప్పుడు కొంగుతో దాని మీది దుమ్ము తుడిచి, ఎత్తుకుని దుకాణంలోకి తెచ్చి బల్ల మీద పెట్టింది. కత్తెర ఎక్కడని అడిగింది.

ఆ సాయంత్రం గుడ్డ పరిచి రెసిన్ పూస్తూ, తల ఎత్తకుండా అంది, "కోపం చేదన్నావు కదా. బెంగ ఎలా ఉంటుందిరా? ఆ నీళ్లలో నా మీద బెంగ ఉందా?"

డప్పు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వగరుగా ఉంటుందనీ, నాలిక చివర ఉండిపోతుందనీ, రెండు మూడు మాటల్లో పందిరి వేసేయగలడు. నోరు తెరిచాడు కూడా. అక్క అతని మొహంలోకి చూసింది, అతనేం చెబితే అది నమ్మడానికి.

"నాకు రుచి తెలీదక్కా" అన్నాడు.

"బెంగ రుచా?"

"ఏ రుచీ. ఈ రెసిన్ ఘాటుకి ముక్కు పోయింది, దాంతోపాటు నాలికా పోయింది. ఎప్పుడో పోయింది. నీళ్లు ఉప్పగా ఉన్నాయో లేదో కూడా తెలీదు. అందరి దగ్గరా ఊరికే చెబుతుంటా."

అక్క చెయ్యి గుడ్డ మీద ఆగకుండా తిరుగుతూనే ఉంది. "మరి రోజూ నా వంట తిని అద్భుతమన్నావు?" అంది.

"అది కూడా ఊరికే."

"ఉప్పేస్తున్నానో లేదో నాకే తెలీదురా ఇన్నాళ్లూ. నువ్వు బాగుందంటే వేస్తున్నాననుకున్నాను."

"వేసే ఉంటావులే."

"వేసుండను." ఆమె కుంచె డబ్బాలో ముంచి, తీసి, అంచు దగ్గర ఒక బుడగని నెమ్మదిగా బయటికి నెట్టింది. "అయితే ఆ రోజు చెప్పిందంతా కల్పించావు."

"అంతా" అన్నాడు డప్పు, నేల చూస్తూ. "ఒక్కటి తెలిసింది. వేడీ చల్లా మాత్రం నాకింకా తెలుస్తాయి. అవి చలికాలం సముద్రంలోవి కదా, చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉన్నాయక్కా, నువ్వు అన్నాళ్లు పక్కలో పడుకోబెట్టుకున్నందుకు. అది చెప్పడం మర్చిపోయాను."